గోడ మీద మూడున్నర గిన్నెలు

నేను ఒక ఇంటిపేరును. ఆశ్చర్యపోకండి. నాణెం మాట్లాడితే వింటారు, తుప్పు పట్టిన సైకిలు గోడు వెళ్లబోసుకుంటే కళ్లు తుడుచుకుంటారు, ఇంటిపేరు నోరు విప్పితే మాత్రం వింతా? నేను పుట్టిందీ పెరిగిందీ మనుషుల నోళ్లలోనే కదా. మాది స్పెయిన్ దేశం. నన్ను ఎక్స్‌పోసితో అంటారు. మరి ఇంత తెలుగు ఎలా వచ్చిందంటారా? పేర్లకు సొంత నోరు ఉండదండీ, దొరికిన నోటితో మాట్లాడతాం. ఈ పూటకు మీది దొరికింది.

అసలు ఇంటిపేర్ల సంగతి మీకు నేను చెప్పాలా! కొత్తవాడు గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే "ఎవరింటి వాళ్లు బాబూ?" అని అడిగి, ఆ ఒక్క మాటతో వాడి తాత ముత్తాతలందర్నీ తవ్వి తీస్తారు మీరు. మా వాళ్లూ అంతే. కాకపోతే మీరు ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు, మా వాళ్లు వెనక తగిలించుకుంటారు. అదీ ఒకటి కాదు, రెండు. నాన్న వైపుది ముందు, అమ్మ వైపుది దాని వెనక. పెళ్లయినంత మాత్రాన ఆడపిల్ల పేరు మార్చుకోదు. ఈ ఒక్క విషయంలో మా వాళ్లను మెచ్చుకోవాలి. కానీ మరీ మురిసిపోకండి, పిల్లల పిల్లల దగ్గరికి వచ్చేసరికి అమ్మ పేరు మెల్లగా జారిపోయేది, నాన్న పేరే నిలబడేది.

మా దేశంలో పేర్లకు కథలుంటాయి. ఫెర్నాందెస్ అంటే ఫెర్నాందో కొడుకు. ఎర్రేరో అంటే కమ్మరి. మోలినా అంటే పిండిమర. ఇక గార్సియా ఉంది చూశారూ, కళ్లు మూసుకుని రాయి విసిరితే ఒక గార్సియాకు తగిలి తీరుతుంది. దాని అర్థమేమిటని అడిగితే పండితులు ఇప్పటికీ జుట్లు పట్టుకుంటున్నారు. అర్థం తేలకపోయినా దానికొచ్చిన లోటేమీ లేదు. నా అర్థం మాత్రం చదువు రానివాడికి కూడా తెలుసు. అదే నాకు వచ్చిన చిక్కు. ఎక్స్‌పోసితో అంటే బయట పెట్టేసిన బిడ్డ.

నేనెలా పుట్టానో చెబుతాను వినండి. వెనకటి రోజుల్లో అనాథ పిల్లల్ని పెంచే మఠాల గోడలో ఒక కంత ఉండేది. అందులో గుండ్రంగా తిరిగే చెక్క పెట్టె. తెల్లవారుజామున ఎవరో ఒకామె వచ్చి, పొత్తిళ్లలో బిడ్డను అందులో పడుకోబెట్టి, గంట లాగి, పెట్టెను లోపలికి తిప్పి వెళ్లిపోయేది. లోపల సిస్టరమ్మ బిడ్డను అందుకునేది. వచ్చిందెవరో లోపలివాళ్లకు కనపడదు, బిడ్డను ఎత్తుకున్నదెవరో తల్లికి కనపడదు. ఆ తర్వాత బాప్తిస్మం ఇచ్చి పుస్తకంలో రాయాలి. తండ్రి ఎవరో తెలియదు కాబట్టి ఫలానావాడి కొడుకని రాయలేరు. కులవృత్తి తెలియదు, ఊరు తెలియదు. ఏదో ఒకటి రాయాలిగా? నన్ను రాశారు.

అలా పాకిపోయాను దేశమంతా. పక్కనే ఇటలీలో నాకో తోబుట్టువు కూడా ఉంది, ఎస్పొజితో అని. నేపుల్స్ పట్నంలో దాని జోరు చూడాలి మీరు! ఇంత పెద్ద సంసారం పెరిగింది గానీ నన్ను మోసేవాళ్లలో చాలామందికి ఒకరితో ఒకరికి రక్తసంబంధం లేదు. ఒక రాజుగారు జాలిపడి, ఈ పిల్లలందరూ మంచి పుట్టుక పుట్టినవాళ్లే, వీళ్లను ఎవరూ తూలనాడకూడదని శాసనం కూడా వేశారు. పాపం, ఆయన మంచివాడే. కానీ ఊళ్లో నోళ్లు శాసనాలు చదువుకుని మాట్లాడతాయా?

ఇంకొక్క సంగతి చెప్పి అసలు కథలోకి వస్తాను. బిడ్డను వదిలే తల్లుల్లో కొందరు పొత్తిళ్లలో ఏదో ఒక గుర్తు పెట్టేవారు. రిబ్బను ముక్క, విరిచిన పతకం, లేదంటే పేకముక్కలో సగం. మా పేకలో మీలా ఇస్పేటు, ఆఠీను ఉండవు. గిన్నెలు, కత్తులు, కర్రలు, నాణేలు ఉంటాయి. ఆ ముక్కను కావాలనే వంకరటింకరగా కత్తిరించి, ఒక సగం బిడ్డ దగ్గర పెట్టి, రెండో సగం తన దగ్గర దాచుకునేది తల్లి. రోజులు బాగుపడ్డాక వచ్చి రెండు సగాలూ కలిపి చూపిస్తే బిడ్డను ఇచ్చేస్తారు. చదువు రాని తల్లులకు అదే దస్తావేజు.

అన్సెల్మో దగ్గర ఏడు గిన్నెల ముక్కలో సగం ఉండేది. దక్షిణాన అందలూసియా కొండల్లో, ఎటు చూసినా ఆలివ్ తోటలే ఉండే ఒక చిన్న ఊళ్లో ఉండేవాడు అన్సెల్మో. మఠంలో పెరిగాడు. గడ్డి అల్లే పని నేర్చుకున్నాడు. ఆలివ్ కాయల ముద్దను గానుగలో ఒత్తేటప్పుడు మధ్య మధ్య పరిచే గుండ్రటి గడ్డి చాపలుంటాయి, అవి అల్లడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. మాట తక్కువ. రోజంతా పనిచేసి నాలుగు ముక్కలు మాట్లాడితే గొప్ప.

అతని భార్య కాతలీనా రోబ్లెస్. ఆ నాలుగు ముక్కల లోటూ ఆవిడే పూడ్చేది. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, కోపం వస్తే అంతకన్నా పెద్ద కోపం. "బయట పెట్టేసినవాడికా నిన్ను ఇచ్చేది?" అని వాళ్లమ్మ గగ్గోలు పెడితే, "బయట ఉన్నవాణ్ణే గదమ్మా లోపలికి తెచ్చుకునేది!" అని నవ్వి, పట్టుబట్టి చేసుకుంది. ఆ మాట విన్న రోజు నుంచీ నాకు కాతలీనా అంటే ప్రాణం. అందుకే తర్వాత జరిగినదానికి నాకంత బాధేసింది.

కాతలీనాకు అయిదో నెల. ఊరి రేవులో బట్టలు ఉతుకుతుంటే పక్కనున్న ఒకావిడ, ముసిముసిగా నవ్వుతూ, "ఏం కాతలీనా, ఊళ్లోకి ఇంకో బయటివాడు వస్తున్నాడా?" అంది. నలుగురూ కిసుక్కున నవ్వారు. తనను అని ఉంటే కాతలీనా చీపురు తిరగేసేది. కడుపులో ఉన్న బిడ్డను అనేసరికి తడి బట్టలు బుట్టలో కుక్కుకుని ఇంటికొచ్చేసింది.

అవి పందొమ్మిది వందల ఇరవయ్యొకటో సంవత్సరపు రోజులు. నాలాంటి పేరు మోయడం కష్టంగా ఉన్నవాళ్లు దాన్ని మార్చుకోవచ్చని ప్రభుత్వం కొత్తగా వీలు కల్పించింది. ఆ కబురు ఆ ఊరిదాకా వచ్చింది.

"అన్సెల్మో, నిన్నొకటి అడుగుతాను, కాదనకూడదు" అంది కాతలీనా. అక్కడ పెళ్లాలు మొగుళ్లను పేరు పెట్టే పిలుస్తారు లెండి, కళ్లు పెద్దవి చేయకండి.

"నువ్వు అడిగినదేదైనా కాదన్నానా?"

"ఈ పేరు మార్చెయ్. నా కోసం కాదు, నేను ఎవరినైనా కడిగేయగలను. వీడి కోసం. వీడు బళ్లో కూర్చుంటే పేరు పిలిచినప్పుడల్లా తల దించుకోవాలా?"

అల్లుతున్న చెయ్యి ఆగింది. చాలాసేపు గడ్డి పోచను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. వద్దంటాడేమోనని నేను ఎదురుచూశాను.

"సరే" అన్నాడు.

అంతే. తల మీది టోపీ సర్దుకుని మళ్లీ అల్లడం మొదలుపెట్టాడు. ఆ టోపీ అస్తరు లోపలే ఉంది సగం పేకముక్క. కాతలీనా దాన్ని ఒకసారి ఉతికేటప్పుడు చూసింది. పెళ్లికి ముందు పేకాడేవాడు కాబోలు, కలిసొచ్చిన ముక్కని దాచుకున్నాడు, పోనీలే, మగాళ్లకు ఏదో ఒక పిచ్చి ఉంటుంది అనుకుని మళ్లీ అస్తరు కుట్టేసింది. ఒక్కసారీ అడగలేదు. అతనూ చెప్పలేదు. ఇంత మాటకారి ఇంట్లో ఆ ఒక్క మాటే మిగిలిపోయింది.

ఆఫీసుకు వెళ్లారు. గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టి, "ఏ పేరు కావాలి?" అన్నాడు, బజార్లో చెప్పులు చూపించేవాడిలాగా. కాతలీనా ముందే ఆలోచించి పెట్టుకుంది. ఒలివారెస్. ఆలివ్ తోటలని అర్థం. మంచి పేరే, నేను ఒప్పుకుంటాను. పచ్చగా, చల్లగా, ఎవరి నోట్లోనైనా గౌరవంగా ఉంటుంది. గుమాస్తా అర్జీ రాసి ఇచ్చి, గురువారం ఈ కాగితం తెచ్చి వేలిముద్ర వేస్తే అయిపోతుందన్నాడు. కాతలీనా దారంతా "ఒలివారెస్, ఒలివారెస్" అనుకుంటూ నడిచింది. నేను మాత్రం ఆ రోజు బిక్కమొహం వేసుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం వచ్చింది ఎవులాలియా.

యాభై అయిదు, అరవై ఏళ్ల మనిషి. కాళ్లకు అరిగిపోయిన గడ్డి చెప్పులు, చేతిలో మూట, కళ్లలో పొర. రేవు దగ్గర ఆగి, "ఇక్కడ ఎక్స్‌పోసితోలు ఎవరైనా ఉన్నారా తల్లీ?" అని అడిగింది. కిసుక్కుమన్న ఆడవాళ్లే చెయ్యి చాపి ఇల్లు చూపించారు.

కాతలీనా పిండి చేతులతో తలుపు తీసింది. ఆవిడ మూట విప్పింది. లోపల గుడ్డ, గుడ్డలో ఇంకో గుడ్డ. దాంట్లోంచి సగం పేకముక్క తీసి చూపించింది. అంచు వంకరటింకరగా ఉంది.

"నా కొడుకును మఠంలో వదిలాను. పనికి కుదిరిన ఇంటివాళ్లు ఇన్నేళ్లూ నన్ను గడప దాటనివ్వలేదు. ఇప్పటికి బయటపడ్డాను. మఠంలో అడిగితే, ఆనాటి పిల్లలంతా పెద్దవాళ్లై ఎటెటో వెళ్లిపోయారన్నారు. రెండో సగం వాడి దగ్గరుండాలి" అంది.

కాతలీనాకు ఒక్క క్షణంలో టోపీ గుర్తొచ్చింది. పేకాట పిచ్చి అనుకున్నది ఏమిటో అర్థమైంది. "అన్సెల్మో! అన్సెల్మో! ఇటు రా!" అని పెరట్లోకి పరుగెత్తింది. ఆ కేకకు కోళ్లు గోడెక్కాయి.

అన్సెల్మో వచ్చాడు. ఆవిడను చూశాడు, ఆవిడ చేతిలో ఉన్నదాన్ని చూశాడు. టోపీ తీసి, పళ్లతో అస్తరు కుట్టు తెంపి, తన సగాన్ని బయటికి తీశాడు.

ఎవులాలియాకు చూపు సరిగా ఆనదు. రెండు ముక్కలూ బల్ల మీద పెట్టి, వేళ్లతో అంచులు తడుముతూ దగ్గరికి జరిపింది. ఒకసారి, రెండుసార్లు, తిప్పి మూడోసారి. అన్సెల్మోకు మొదటి చూపులోనే తెలిసిపోయింది. ఆవిడది అయిదు కత్తుల ముక్క. అయినా ఆవిడ వేళ్లు ఆగేదాకా నోరు మెదపలేదు.

"కాదు నాయనా" అంది ఎవులాలియా చివరికి. "నీ అంచు వంపు వేరేగా ఉంది."

ఆ గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అన్సెల్మో తన సగాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ వైపు తిరిగాడు. కాతలీనా గబగబా శనగల పులుసు గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. దుఃఖం వచ్చినా సంతోషం వచ్చినా కాతలీనాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

తింటూ చెప్పింది ఎవులాలియా. ఇది తను తట్టిన పదిహేడో తలుపట. "అవతలి ఊళ్లో ముగ్గురు ఎక్స్‌పోసితోలు ఉండేవాళ్లట తల్లీ. ఈ కొత్త చట్టం వచ్చాక పేర్లు మార్చుకుని తలో దిక్కూ వెళ్లారట. ఒకడు గార్సియా అయ్యాడట. ఇక వాళ్లలో నా బిడ్డ ఉన్నాడో లేడో నాకెవరు చెబుతారు? నాకు వాడి రంగు తెలియదు, రూపు తెలియదు. అడగడానికి నాకున్నది ఆ పేరొక్కటే."

కాతలీనా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అల్మరా మీద గుమాస్తా రాసిచ్చిన కాగితం ఉంది. దాని వంక చూసింది, కిటికీ దగ్గర నిలబడ్డ మొగుడి వీపు వంక చూసింది.

"నాకెందుకు చెప్పలేదు నువ్వు?" అంది.

"ఏమని చెప్పను?" అన్నాడు అన్సెల్మో, ఇటు తిరగకుండానే. "ముప్పై ఏళ్లు దాటినవాణ్ణి, ఇంకా అమ్మ వస్తుందని చూస్తున్నానని చెప్పనా? నవ్వుతావనుకున్నాను."

ఊరంతా వినపడేలా నవ్వే కాతలీనా అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే ఆవిడకు ఇంకో గరిటె వడ్డించింది.

మర్నాడు గురువారం. ఎవులాలియా పొద్దున్నే బయల్దేరింది. అన్సెల్మో ఆవిడకు కొత్త గడ్డి చెప్పులు అల్లి ఇచ్చాడు. ఆవిడను ఊరి చివరిదాకా దిగబెట్టి వచ్చి, మంచి చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అంది కాతలీనా.

"వేలిముద్ర వెయ్యాలిగా. నీకు మాటిచ్చాను."

"ఏ కాగితం మీద వేస్తావు? దాంట్లో ఆవిడకు రొట్టె, ఆలివ్ కాయలు చుట్టి ఇచ్చేశాను."

అన్సెల్మో చొక్కా విప్పి, కొక్కేనికి తగిలించి, పెరట్లోకి వెళ్లి కూర్చున్నాడు. ఆ రోజు అల్లిన చాప కాస్త వంకరగా వచ్చింది. గానుగవాడు అడిగితే నవ్వి ఊరుకున్నాడట.

కాతలీనా అక్కడితో ఆగే మనిషా! ఆ సాయంత్రమే బట్టల బుట్ట నెత్తిన పెట్టుకుని రేవుకు వెళ్లింది. ఉతికే బట్టలేమీ లేవు అందులో. నడుం మీద చేతులు పెట్టుకుని, "అవునమ్మా, ఇంకో ఎక్స్‌పోసితో వస్తున్నాడు. ఎప్పుడైనా వాళ్ల నాయనమ్మ వచ్చి అడిగితే ఇల్లు చూపించండి, మర్చిపోకండి!" అంది. ఎవరూ నవ్వలేదు. ముసిముసిగా నవ్విన ఆవిడే, "చూపిస్తాం లేవే" అంది మెల్లగా.

కొడుకు పుట్టాడు. తోమాస్ అని పెట్టారు, తోమాస్ ఎక్స్‌పోసితో రోబ్లెస్. వాడు పారాడే నాటికి కాతలీనా కుమ్మరి చేత ఒక పింగాణీ పలక చేయించి, వీధి గోడకు, తలుపు పక్కన అతికించింది. మధ్యలో నన్ను నీలం రంగుతో పెద్దగా రాయించింది. పక్కన సగం పేకముక్క బొమ్మ వేయించింది, అదే వంకర అంచుతో. ఏడు గిన్నెల్లో సగమంటే మూడున్నర. ఆ కుమ్మరి అరగిన్నె వేయనని మొరాయించాడు, తన చేతిపని తప్పుపడతారని. కాతలీనా పక్కన కూర్చుని మరీ వేయించింది. అప్పటిదాకా నేను పుస్తకాల్లోనూ నోళ్లలోనూ తల దాచుకున్నదాన్ని. ఎండలో, వీధిలో, అందరికీ కనపడేలా నిలబడటం నాకదే మొదలు. ఎంత సంతోషమేసిందో మీకెలా చెప్పను!

రెండేళ్ల తర్వాత ఎవులాలియా మళ్లీ వచ్చింది. ఈసారి పక్కన దూలంలాంటి మనిషి. "ఇదిగో తల్లీ, వీడే!" అంది, సంతలో కొన్న ఎద్దును చూపించినట్టు. ఇరవై మూడో తలుపు దగ్గర దొరికాడట. బావులు తవ్వుతాడు. పేరెందుకు మార్చుకోలేదు బాబూ అని కాతలీనా అడిగితే, తల గోక్కుని, "ఆఫీసు దూరం కదండీ, రేపు వెళ్దాం రేపు వెళ్దాం అనుకుంటూ..." అన్నాడు. లోకంలో బద్ధకం వల్ల జరిగిన మేలు నేను చూసింది అదొక్కటే. అన్సెల్మో వాళ్లిద్దర్నీ చూసి అంత సంబరపడటం నేనెన్నడూ ఎరగను. ఆ పూట పది ముక్కలదాకా మాట్లాడాడు.

అతని అమ్మ మాత్రం రాలేదు. ఇంకెందరో వచ్చారు. ఆ పలక సంగతి కొండల్లో పాకింది. రిబ్బను ముక్కలతో, పతకాల ముక్కలతో, తల్లులు, అక్కలు, ఒకసారి ఒక ముసలి తండ్రి కూడా. ఎవరి సగమూ మూడున్నర గిన్నెలకు అతకలేదు. కానీ ఎవరూ శనగల పులుసు తినకుండా వెళ్లలేదు. చుట్టుపక్కల ఎక్స్‌పోసితోలు ఎవరెవరు ఎక్కడున్నారో కాతలీనాకు నోటికి వచ్చేసింది. ఫలానా ఊళ్లో చెప్పులు కుట్టేవాడు, ఫలానా తోటలో కాపలా ఉండేవాడు అని దారి చెప్పి పంపేది. అలా వెతుక్కుంటూ వచ్చినవాళ్లలో నలుగురైదుగురికి తమవాళ్లు దొరికారు. నిండుగా గడిచింది ఆ ఇంట్లో నా కాలం.

అన్సెల్మో ముసలివాడయ్యాక కన్నుమూశాడు. కాతలీనా అతన్ని ఆ టోపీతోనే సాగనంపింది. పేకముక్కను మాత్రం అస్తరులోంచి తీసి అల్మరాలో పెట్టింది. "ఆవిడ వస్తే ఇక్కడికేగా వచ్చేది" అంది తోమాస్‌తో. అప్పటికి ఆ తల్లి ఉంటే నూరేళ్లకు దగ్గరపడి ఉండాలి. కాతలీనాకు లెక్కలు రాక కాదు.

ఇప్పుడు నా సంగతి బాగానే ఉంది. నన్ను మోసేవాళ్లు వేలల్లో ఉన్నారు, డాక్టర్లున్నారు, పంతులమ్మలున్నారు. నా అర్థం అడిగేవాళ్లే తగ్గిపోయారు. కాతలీనా పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇంట్లో తోమాస్ కూతురు నియెవెస్ ఉంటోంది. ఆవిడకు బిడ్డ పుట్టినప్పుడు పేరు రాయించడానికి వెళ్లింది ఆ ఆఫీసుకే, వాళ్ల తాత వేలిముద్ర వేయకుండా ఎగ్గొట్టిన ఆఫీసుకే. ఈ మధ్య చట్టం మారింది. అమ్మ పేరు ముందు పెట్టాలో నాన్న పేరు ముందు పెట్టాలో తల్లిదండ్రులే తేల్చుకోవచ్చు. నియెవెస్ మొగుడు గార్సియా. మంచివాడే, నీ ఇష్టం అన్నట్టు నిలబడ్డాడు. నాకు మాత్రం గుండె దడదడలాడింది. వెనక నిలబడితే ఇంకో తరంలో జారిపోతానని తెలుసుగా.

కిటికీ వెనకున్న అమ్మాయి మర్యాదగానే అంది. "గార్సియా ముందు పెట్టమంటారా? ఎక్స్‌పోసితో అంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. చాలామంది వెనక్కే వేయించుకుంటారు."

నియెవెస్ బిడ్డను భుజం మార్చుకుంది.

"తెలుసండీ. అదే ముందు రాయండి" అంది. "మా ఇంటికి ఒకావిడ రావాల్సి ఉంది."